నేపాల్‌లోని పిల్లల హోమ్‌కి మా కాలేజీ నుంచి డబ్బు పంపుతున్నాం, కొన్ని సందేహాలు

అనంతపురం_థర్డ్‌ఇయర్:

అందరికీ నమస్తే. నేను అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా సీనియర్లు మొదలుపెట్టిన ఒక సేవా గ్రూపుని ఈ ఏడాది నుంచి నేను, ఇంకో ముగ్గురు కలిసి చూసుకుంటున్నాం. ఖాట్మండుకి దగ్గర్లో ఒక పిల్లల హోమ్ ఉంది, ఇరవై ఆరుమంది పిల్లలు. వాళ్లకి డబ్బు పంపడమే మా పని. నేపాల్ ఎందుకంటే, ఒక నేపాలీ అన్న ఇక్కడ మా హాస్టల్లోనే ఉండి చదివాడు. ఆ హోమ్ వాళ్ల ఇంటి దగ్గరే. 2015 భూకంపం తర్వాత అక్కడి పిల్లల పరిస్థితి ఆయన చెప్తుంటే విని మా వాళ్లు మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ సీనియర్లు ఉద్యోగాల్లో ఉన్నారు, అయినా పంపడం ఆగలేదు.

డబ్బు మా దగ్గర నుంచే వస్తుంది. నెలకి మనిషికి యాభై రూపాయలు. సెమిస్టర్ అవగానే హాస్టల్ రూములన్నీ తిరిగి పాత రికార్డులు, నోట్సులు పోగేసి కాటాకి వేస్తాం. ఫెస్ట్‌లో ఉగ్గాని బజ్జి స్టాల్ పెడతాం. పోయినసారి మధ్యాహ్నానికే బొరుగులు అయిపోతే పాతూరికి బండి మీద పోయి ఇంకో మూట తెచ్చాం. సప్తగిరి సర్కిల్లో డబ్బాలు పట్టుకుని కూడా నిలబడ్డాం. మా వాళ్లకి ఇది చాలా ఇష్టమైన పని. మెస్ బిల్లు కట్టడానికి ఇబ్బంది పడేవాళ్లు కూడా ఈ యాభై మాత్రం ఆపరు.

ఇప్పటిదాకా డబ్బు ఆ నేపాలీ అన్న సొంత ఖాతాకి వెళ్లేది, ఆయన హోమ్‌లో కట్టి రసీదు పంపేవాడు. ఇప్పుడాయన ఉద్యోగానికి ఖతార్ వెళ్తున్నాడు. ఇకమీదట ఎలా పంపాలి? రెండోది, ఎండాకాలం సెలవుల్లో పదిమందిమి వెళ్లి పదిహేను రోజులు ఉండి పిల్లలకి ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుదామని జూనియర్లు అడుగుతున్నారు. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే అనుభవం చెప్పండి. మూడోది, మా ఫ్రెండ్ వాళ్ల మామ ఒకాయన అమెరికాలో ఉంటాడు, అక్కడి సిటిజన్. ఐదొందల డాలర్లు ఇస్తానన్నాడు. తీసుకోవచ్చా?

ఇంకో మాట. మా నాన్న అడిగినప్పుడల్లా "మన జిల్లాలో లేరా పిల్లలు, నేపాల్ దాకా పోవాల్నా?" అంటాడు. ఎక్కడి పిల్లలైనా పిల్లలే కదా అని చెప్తున్నాను. మీరేమంటారు?

కడప_బ్యాంకు_ఉద్యోగి:

బాబూ, ముందు మూడో ప్రశ్న. తీసుకోవద్దు. విదేశీ పౌరుడు ఇచ్చే విరాళం, ఆయన మన తెలుగాయనే అయినా, 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ అనుమతి గానీ లేకుండా మీలాంటి గ్రూపు ఒక్క డాలరు కూడా ముట్టుకోకూడదు. మన పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే సంగతి వేరు. ఆ మామగారికి అంత మనసుంటే అమెరికా నుంచే నేరుగా నేపాల్ పంపుకోమనండి, మీ మధ్యవర్తిత్వం అక్కర్లేదు.

పంపే దారి. నేపాల్‌కి మనం డాలర్లలో పంపం, రూపాయల్లోనే. విదేశాలకి డబ్బు పంపే ఎల్‌ఆర్‌ఎస్ పద్ధతి గురించి నెట్‌లో చదివి కంగారు పడొద్దు, అది వేరే దేశాలకి. రిజర్వు బ్యాంకు 2008లో నేపాల్ కోసం విడిగా ఒక పద్ధతి పెట్టింది. ఇక్కడ నెఫ్ట్‌లో వేస్తే స్టేట్ బ్యాంకు నుంచి నేపాల్ ఎస్‌బీఐ ద్వారా అక్కడ నేపాలీ రూపాయల్లో అందుతుంది. 2021 నుంచి ఒక్కోసారికి రెండు లక్షల దాకా ఖాతాలోంచి పంపొచ్చు. ఇది మొదట్లో ఇక్కడ పనిచేసే నేపాలీలు ఇంటికి పంపుకోవడానికి పెట్టింది కాబట్టి, మీరు ఒక సంస్థ ఖాతాకి విరాళంగా పంపుతున్నామని బ్రాంచిలో ముందే చెప్పి, వాళ్ల రిజిస్ట్రేషన్ కాగితాలు చూపించి అడగండి. మన వంద రూపాయలకి వాళ్ల నూట అరవై. ఈ రేటు 1993 నుంచి మారలేదు. రసీదులో అంకె సరిగ్గా అంత ఉండాలి, కమిషన్ ఎంత పోయిందో విడిగా కనపడాలి.

ఇక మనిషి ఖాతా నుంచి మనిషి ఖాతాకి పంపడం వెంటనే ఆపండి. ఎంత మంచివాడైనా సరే. మీ వైపు కూడా వందలమంది ఫోన్‌పేలు ఒక కుర్రాడి ఖాతాలో పడుతుంటే రేపు అతనికే ప్రశ్నలు వస్తాయి. ఏడుగురు ఉంటే మన రాష్ట్రంలో 2001 చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ దానిలో ఒక మెలిక ఉంది. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ దేశం బయట ఖర్చుపెడితే, సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) అనుమతి లేకుండా అది ధర్మకార్యం ఖర్చుగా లెక్కలోకి రాదు. అందుకని సొసైటీ పెట్టేముందు ఒక ఆడిటర్‌ని కలవండి. మీది చిన్న మొత్తమే అయినా ఒక గంట కూర్చోండి.

అక్కడి సంస్థ సంగతి కూడా చూడండి. నేపాల్‌లో బయటి దేశాల సాయం తీసుకునే ఎన్జీవోలకి సోషల్ వెల్ఫేర్ కౌన్సిల్ అనుమతి ఉండాలి. ఆ కాగితం ఫోటో అడగండి. ఇవ్వడానికి వెనకాడితే ఆలోచించాల్సిందే.

బత్తలపల్లి_అమ్మాయి:

తమ్ముడూ, మీ నాన్నగారికి చెప్పడానికి నా దగ్గర ఒక మాట ఉంది. స్పెయిన్ దేశస్థుడైన ఫాదర్ ఫెర్రర్ గారు 1969లో మన అనంతపురం వచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ పెట్టకపోతే మా ఇంట్లో ఈరోజు డిగ్రీ ఉండేది కాదు. మా అమ్మకి స్పెయిన్‌లో ఒక స్పాన్సర్ ఉండేది. అనంతపురం మ్యాపులో ఎక్కడుందో కూడా ఆమెకి తెలిసి ఉండదు. మా అమ్మ ఆమెకి ఉత్తరాలు రాసేది, వానలు పడ్డాయా, శెనక్కాయ ఎట్లుంది, చెల్లెలు పుట్టింది, ఇవే. ఆమె నుంచి కూడా వచ్చేవి. ఒక ఫోటో ఇప్పటికీ మా బీరువాలో ఉంది, సముద్రం ఒడ్డున ఒక ముసలామె, కుక్క. బార్సిలోనాలోనో మాడ్రిడ్‌లోనో ఎవరూ "మన ఊళ్లో లేరా పిల్లలు" అనుకుని ఊరుకోలేదు కాబట్టే మాకు బడి దొరికింది. అందుకని నేపాల్ పంపడం నాకు తప్పుగా అనిపించడం లేదు. మనకి అందింది, మనం ఇంకొకరికి అందిస్తున్నాం.

కానీ ఒకటి గమనించు. ఆ డబ్బు కోసం మా అమ్మని ఎక్కడికీ తీసుకుపోలేదు. ఆమె మా ఊళ్లోనే, మా అవ్వ పక్కనే పడుకుని, అక్కడి బడికే పోయింది. ఊరికి బడి వచ్చింది, ఇళ్లు వచ్చాయి, ఆడవాళ్ల సంఘం వచ్చింది. మీ డబ్బు అట్లా పోతోందా అనేది చూడు.

ఆలూరు_టీచర్:

పైన అక్క చివర్లో అన్న మాట దగ్గరే నేను మొదలుపెడతాను.

మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను కర్నూలులో ఒక హోమ్‌లో పెరిగాను. ఇప్పుడు ఆలూరు వైపు గవర్నమెంటు బడిలో టీచర్‌ని. హోమ్ రికార్డులో నేను అనాథని. నాకు అమ్మ ఉంది. ఇప్పటికీ ఉంది, ఇది రాస్తుంటే పక్క గదిలో సీరియల్ చూస్తోంది.

నాన్న పోయాక అమ్మకి మిగిలింది వానొస్తే పండే రెండెకరాలు, అప్పు. మా వైపు ఊళ్ల సంగతి తెలిసిందే కదా, సంక్రాంతి దాటితే సగం ఊరు గుంటూరు వైపు మిరపకాయల కోతకి పోతుంది. పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోతుంది. జేజి దగ్గర వదులుదామంటే జేజికి చూపు లేదు. ఎవరో చెప్తే హోమ్‌లో చేర్చింది. తల్లి ఉందంటే తీసుకోరేమోనని ఇద్దరూ లేరని రాయించారు. రాయించినాయన మాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. హోమ్‌కి కూడా అనాథ అని రాసి ఉంటేనే దాతలు వచ్చేవాళ్లు.

నేపాల్‌లో జరిగింది ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. అక్కడ 1996 నుంచి 2006 దాకా మావోయిస్టుల యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి కొండ జిల్లాల్లో తల్లిదండ్రులకి పిల్లల్ని ఎక్కడ ఎత్తుకుపోతారోనని భయం. ఏజెంట్లు వచ్చి "ఖాట్మండులో మంచి బడిలో చేర్పిస్తాం" అని డబ్బు తీసుకుని పిల్లల్ని తెచ్చి హోమ్‌లలో పెట్టారు. కొందరికి తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టించారు. నేపాల్ హోమ్‌లలో యునిసెఫ్ చూసిన పిల్లల్లో 85 శాతం మందికి తల్లో తండ్రో ఒకరైనా బతికే ఉన్నారు. హోమ్‌లు కూడా పేద జిల్లాల్లో కాదు, టూరిస్టులు వచ్చే ఖాట్మండు లోయ, పోఖరా, చిత్వన్ చుట్టూ ఎక్కువ. 2015 భూకంపం తర్వాత ఇదే మళ్లీ మొదలవుతుందని వాళ్ల ప్రభుత్వం కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపింది, తల్లిదండ్రులు గానీ సంరక్షకులు గానీ లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదంది.

మీ హోమ్ అలాంటిదని నేను అనడం లేదు తమ్ముడూ. నాకు తెలియదు, నీకూ తెలియదు. తెలుసుకోవడానికి నేను ఒక్క ప్రశ్న అడుగుతాను: దశైంకి పిల్లలు ఎక్కడికి వెళ్తారు? దశైం అంటే మన దసరానే, వాళ్లకి అన్నిటికంటే పెద్ద పండగ. ఇంటి పెద్దలు నుదుట బొట్టు (వాళ్లు టీకా అంటారు) పెట్టి దీవిస్తారు, అందుకని ఎవరున్నా లేకున్నా ఊరికి పోతారు. మా హోమ్‌లో ఉగాదికి తెలిసిపోయేది. ఉగాది ముందురోజు గేటు దగ్గర సంచులు పట్టుకుని అమ్మలు, మేనమామలు, అవ్వలు నిలబడేవాళ్లు. మా గదిలో అనాథలని రాసినవాళ్లలో సగానికి పైగా ఆ రాత్రికి ఉండేవాళ్లు కాదు. మిగిలిన నలుగురైదుగురికే నిజంగా ఎవరూ లేరు. వాళ్లకి హోమ్ కావాలి, ఆ మాట కూడా గట్టిగానే చెప్తున్నాను. నా పక్క మంచం వాడికి వార్డెన్ అమ్మే అన్నం తినిపించింది, పెళ్లి కూడా ఆమే చేసింది.

ఐక్యరాజ్యసమితి 2009లో ఇలాంటి పిల్లల గురించి మార్గదర్శకాలు పెట్టింది. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెకి కోతల సీజన్ నాలుగు నెలలు ఎవరైనా బియ్యం, కొంచెం డబ్బు చూసుకుని ఉంటే, మా పిన్ని ఇంట్లోనే ఉండి నేను చదివేవాణ్ని. హోమ్‌లో నా మీద పెట్టిన ఖర్చు దానికంటే ఎక్కువే. ఇప్పుడు మన దేశంలో ఆ ఆలోచన చట్టంలోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకి నాలుగు వేలు ఇస్తారు. మా బడిలో ఇద్దరికి అప్లై చేయించాను.

ఇక మీ పదిహేను రోజుల ప్రయాణం. వద్దు. పిల్లలతో ఆడుకుందామనే ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ మా హోమ్‌కి ఎంతమంది వచ్చేవాళ్లో చెప్తాను. ఆదివారం పొద్దున ఒకరి బర్త్‌డే కేకు, మధ్యాహ్నం ఇంకొకరి బిర్యానీ, సాయంత్రం మళ్లీ కేకు. మమ్మల్ని వరసగా నిలబెట్టి పాట పాడమనేవాళ్లు, ఫోటో తీసుకునేవాళ్లు. మంగళవారం, బుధవారం మాత్రం నీళ్ల పప్పే. ఒక డిగ్రీ కాలేజీ అన్న కొన్నాళ్లు రోజూ సాయంత్రం వచ్చి లెక్కలు చెప్పాడు. భిన్నాలు నాకు ఆయన దగ్గరే వచ్చాయి. పరీక్షలు రాగానే మానేశాడు. మేం పెద్దవాళ్లం, తట్టుకున్నాం. ఒకటో తరగతి పిల్లలు మాత్రం ఐదింటికి గేటు దగ్గరికి పోయి కూర్చునేవాళ్లు, వార్డెన్ అమ్మ లోపలికి లాక్కొచ్చేది. ఆ అన్న మంచివాడే. పిల్లలకి అలవాటై వెళ్లిపోయేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తుంటే, ఆ తర్వాత వచ్చేవాళ్లని నమ్మడం మానేస్తారు, లేదంటే ఎవరొచ్చినా చేయి పట్టుకుంటారు. రెండూ ప్రమాదమే.

పదిమందికి గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి బస్సు, తిండి, వసతి, రానుపోను ఎంతవుతుందో లెక్క వేయండి. ఆ డబ్బుతో అక్కడి ఊరి డిగ్రీ అమ్మాయినో అబ్బాయినో ట్యూషన్‌కి పెట్టండి. వాళ్లకి నేపాలీ వస్తుంది, ఏడాదంతా ఉంటారు. పిల్లల ఫోటోలు కూడా గ్రూపు ఇన్‌స్టాలో పెట్టకండి. మన జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇలాంటి పిల్లల మొహం, పేరు బయటపెట్టడం నేరం. నేపాలీ పిల్లలకి కూడా అదే మర్యాద ఇవ్వాలి కదా.

అనంతపురం_థర్డ్‌ఇయర్:

టీచర్ అన్నా, మీరు రాసింది మా గ్రూపులో అందరికీ చదివి వినిపించాను. హోమ్ నడిపే దీదీకి ఫోన్ చేశాం. నేపాలీ అన్న లైన్లో ఉండి తర్జుమా చేశాడు. దశైం సంగతే అడిగాను. ఇరవై ఆరుమందిలో పంతొమ్మిది మంది ఊళ్లకి వెళ్తారట. ఆమె ఏమీ దాచలేదు. కొందరి నాన్నలు మలేషియాలో, గల్ఫ్‌లో ఉన్నారు, కొందరి అమ్మలు మళ్లీ పెళ్లి చేసుకున్నారు, కొందరి ఊళ్లో ఐదు తర్వాత బడి లేదు. సోషల్ వెల్ఫేర్ కౌన్సిల్ కాగితం కూడా పంపింది, బ్యాంకు సార్ చెప్పినట్టు.

పిల్లల్ని ఇళ్లకి పంపొచ్చు కదా అంటే ఆమె చెప్పింది వినండి. దాతలందరూ హోమ్‌లో తలకి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. పది మంది ఇంటికి పోతే పది మంది డబ్బు ఆగిపోతుంది, అప్పుడు వంటామెకి జీతం, ఇంటి అద్దె ఎక్కడి నుంచి తేవాలి అంది. మేం కూడా ఇన్నాళ్లూ తలకి ఇంత అనే పంపుతున్నాం. ఇప్పుడు మేం ఏం చేయాలి? ఆపేస్తే పిల్లలు ఏమవుతారోనని మా జూనియర్ అమ్మాయి ఏడ్చేసింది.

ఆలూరు_టీచర్:

ఆపొద్దు. అస్సలు ఆపొద్దు. హోమ్‌కి డబ్బు ఒక్కసారిగా ఆగిపోతే పిల్లలు ఇంటికి పోరు, ఇంకో హోమ్‌కి పోతారు. అంతకంటే అధ్వానమైనదానికి కూడా పోవచ్చు.

దీదీ నీకు నిజం చెప్పింది, అది చాలా పెద్ద విషయం. ఆమె భయం డబ్బు లెక్క గురించి. ఆ లెక్క మార్చే శక్తి కొంచెం మీ చేతిలో ఉంది. ఆమెకి ఇలా చెప్పండి: పిల్లవాడు హోమ్‌లో ఉన్నా, ఇంటికి వెళ్లినా మా డబ్బు అంతే వస్తుంది, రెండేళ్లు తగ్గించం. ఇంటికి వెళ్లిన పిల్లవాడి వాటా ఆ ఇంటికి, బడి ఫీజుకి, పుస్తకాలకి వెళ్తుంది. హోమ్ నుంచి ఒకరు నెలకోసారి వెళ్లి చూసి రావడానికి బస్సు చార్జీ, భత్యం కూడా మేమే ఇస్తాం. ఈ చూసి రావడమే ప్రాణం. ఇంటికి పంపి వదిలేస్తే మూడు నెలల్లో బడి మానేసి హోటల్లో గ్లాసులు కడుగుతుంటాడు.

పంతొమ్మిది మందినీ ఒకేసారి పంపమని అడగొద్దు. కొందరి ఇంట్లో తాగి కొట్టేవాళ్లు ఉంటారు, మారు తండ్రి ఉంటాడు. ఎవరు వెళ్లాలో మీరు చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు. అక్కడ జాతీయ బాలల హక్కుల మండలి ఉంది, స్థానిక పాలికలో (మన మున్సిపాలిటీ, పంచాయతీ లాంటిది) పిల్లల సంక్షేమం చూసే అధికారి ఉంటారు. దీదీ వాళ్లతో మాట్లాడాలి, ముందు పిల్లల్నే అడగాలి. పదో తరగతి పరీక్షకి కూర్చునేవాణ్ని మధ్యలో కదపొద్దు. ఊళ్లో బడి లేనివాళ్లకి, బడి ఉన్న ఊళ్లో మేనత్తో పిన్నో ఉంటే అది కూడా ఇల్లే.

మిగతా ఏడుగురికి హోమ్ ఇల్లుగానే ఉండాలి. వాళ్ల డబ్బుకి లోటు రానివ్వొద్దు.

అనంతపురం_థర్డ్‌ఇయర్:

దీదీ ఒప్పుకుందన్నా. ముందు ముగ్గురితో మొదలుపెడతానంది, ముగ్గురి ఊళ్లూ బస్సులో ఒక రోజు దూరంలోనే. మాట ఇచ్చేముందు రెండేళ్ల డబ్బు నిజంగా తేగలమా అని మేం కూర్చుని లెక్క వేసుకున్నాం. పాస్ అవుట్ అయిన సీనియర్లు నెలకి రెండు వందలు ఇస్తామన్నారు, ప్రయాణం మానేసిన డబ్బు ఉంది, సరిపోతుంది. నాన్నకి బత్తలపల్లి అక్క రాసింది చూపించాను. చదివి, ఫెస్ట్‌కి శెనగపిండి, నూనె తను ఇస్తానన్నాడు.

బ్యాంకు సార్, ఇంటికి వెళ్లిన పిల్లల డబ్బు నేరుగా వాళ్ల అమ్మల ఖాతాకి పంపాలా, హోమ్ ఖాతాకేనా?

కడప_బ్యాంకు_ఉద్యోగి:

హోమ్ ఖాతాకే. అనుమతి ఉన్నది వాళ్లకి. అక్కడి నుంచి ఎవరికి ఎంత ఇచ్చారో సంతకంతో మూడు నెలలకోసారి కాగితం తెప్పించుకోండి. బ్రాంచికి నెల మొదటి వారంలో వెళ్లొద్దు, పింఛన్ల రద్దీలో మీ మాట ఎవరూ నిదానంగా వినరు. పదో తేదీ దాటాక, ఇద్దరు వెళ్లండి, కాలేజీ ఐడీ, పాన్, కౌన్సిల్ కాగితం జిరాక్సు రెండు కాపీలు పట్టుకెళ్లండి.